మందుకు పరీక్ష ఉంది, మాటకు లేదా?



పోయిన జుమా నమాజ్ అయ్యాక, గూడూరులో మస్జిద్ మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే మా మొహల్లా చాచా ఒకాయన భుజం మీద చెయ్యేశాడు. మా ఖాలా కూతురి తబియత్ ఎలా ఉందని అడిగాడు. ఇలాజ్ నడుస్తోంది చాచా, వారానికోసారి డాక్టరమ్మతో మాట్లాడుతోంది అని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఉస్‌కు బీమారీ నై బేటా, తర్బియత్ కీ కమీ హై. బాతాఁ కరే తో జానేవాలీ చీజ్ బీమారీ కైసా హోతీ?" అన్నాడు. ఆ పిల్లకు రోగం లేదు, పెంపకం సరిగా లేదు, మాట్లాడితే పోయేది రోగమెట్లా అవుతుందని.

చాచా చెడ్డ మనిషి కాదు. మా అబ్బా జనాజాకు ముందు భుజం ఇచ్చిన మనిషి. అందుకే అక్కడ బహస్ పెట్టుకోలేదు. కానీ ఆయన అన్న మాట ఆయన ఒక్కడిది కాదు. మన ఇళ్ళలో, మన జమాత్‌లలో, ఆఖరికి చదువుకున్న మన డాక్టర్ల నోట కూడా అదే వింటున్నా. కాబట్టి జవాబు ఇక్కడ రాస్తున్నా.

ఆమెను ఇంట్లో చోటీ అంటాం. ఆమె ఇజాజత్‌తోనే రాస్తున్నా. "రాయి భయ్యా, పేరు మాత్రం నక్కో" అంది. వయసు 26. బడిలో ఫస్టు వచ్చే పిల్ల. ఫోన్ చేసి ఎవరైనా అరగంట ఎత్తకపోతే ఇక ఆ మనిషి తనను వదిలేశాడనే యఖీన్ కొచ్చేస్తుంది. నలభై సార్లు చేస్తుంది. ఎత్తాక నోటికొచ్చినట్టు తిడుతుంది. ఫజర్‌కల్లా కాళ్ళ మీద పడి మాఫీ అడుగుతుంది. పొద్దున ఫరిష్తా అన్న మనిషిని సాయంత్రానికి షైతాన్ అంటుంది. లోపల ఏమీ లేనట్టు, ఖాళీ డబ్బాలా ఉంటుందని చెప్తుంది. ఆ ఖాళీని తట్టుకోలేక తనను తాను గాయపరుచుకుంటుంది. మా ఖాలా ఆమెకు రోహిణీ కార్తె ఎండల్లో కూడా నిండు చేతుల కుర్తాలే కుట్టిస్తుంది. ఎందుకో మొహల్లా అంతా తెలుసు, ఎవరూ అడగరు.

19 ఏళ్ళకు నికాహ్ చేశాం. "షాదీ కర్ దో, ఠీక్ హో జాతీ" అన్న వాళ్ళలో నేనూ ఉన్నా. రెండేళ్ళకు ఖులా అయింది.

ఈ ఎనిమిదేళ్ళలో చోటీతో "మాట్లాడిన" వాళ్ళ లెక్క చెప్తా. ఒక ఆమిల్ సాబ్ సాయా పడిందన్నాడు. దమ్ చేశాడు, తావీజ్ ఇచ్చాడు, మూడు జుమేరాత్‌లకు విడివిడిగా డబ్బు తీసుకున్నాడు. మొహల్లా పెద్దలు కూర్చోబెట్టి సబర్ గురించి తఖ్రీర్ చేశారు. ఒక ఊరి ఆసుపత్రిలో, ఊరి పేరు చెప్పను, అయిదు నిమిషాలు చూసి ఆరు రకాల గోలీలు రాశారు. రోగం పేరేమిటని అడిగితే "ఇలాంటి అమ్మాయిలు మారరు" అన్నారు. గోడ మీద సర్టిఫికెట్ తగిలించుకున్న కౌన్సెలర్ ఒకాయన పాజిటివ్‌గా ఆలోచించమని చెప్పి ఫీజు తీసుకున్నాడు. చుట్టాలందరం కలిసి "డ్రామా" అన్నాం.

ఇందులో ఒక్కరినీ మేం అడగని సవాల్ ఒకటుంది. మీరు చేసేది ఇంతకు ముందు ఎంతమందికి పనిచేసింది? ఎంతమందికి చేయలేదు? ఎట్లా తెలుసు?

గూడూరు నిమ్మకాయల మార్కెట్ గురించి మీకు చెప్పాలా. బస్తా మూతి దగ్గరున్న కాయలు చూసి ఎవడూ బేరం ఆడడు. అడుగుదాకా చెయ్యి పెట్టి తీసి చూస్తాడు. బస్తా నిమ్మకాయలకున్న ఆ జాగ్రత్త కూతురి జాన్ విషయంలో మనకు లేకపోయింది.

ముందు చాచా మొదటి మాటకొస్తా. బీమారీ కాదు, తర్బియత్ కమీ అన్నది.

ఈ మర్జ్‌ను ఇంగ్లిషు డాక్టర్లు పర్సనాలిటీ డిజార్డర్ అంటారు. చోటీది అందులో బోర్డర్‌లైన్ అనే రకం. నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. రెండు జబానుల్లోనూ దీనికి మంచి మాట కోసం వెతికా. ఉర్దూలో షఖ్సియత్ అంటే మనిషి దర్జా. తెలుగులో "వ్యక్తిత్వ లోపం" అంటే ఇక తిట్టే. వ్యక్తిత్వం లేని మనిషి అంటే నీతి లేనివాడని కదా మనకు అర్థం. అంటే పేరు పెట్టడంలోనే మరీజ్‌ను ముజ్రిమ్‌ను చేసేశాం. రోగం మనిషి విలువలో లేదు. జజ్బాత్ ఎంత వేగంగా రేగుతాయి, ఎంతసేపటికి చల్లారుతాయి, పక్క మనిషి మనసులో ఏముందని అనుకుంటాం, వీటిలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన రోగాల జాబితా, ఐసీడీ-11, పాత రకాల పేర్లు చాలా మటుకు తీసేసి, తక్కువ, మధ్యస్థం, తీవ్రం అని స్థాయి చూడమంది. బోర్డర్‌లైన్ తీరును మాత్రం విడిగా గుర్తుపెట్టుకోడానికి ఉంచింది. ఎందుకు వస్తుందంటే కొంత పుట్టుకతో, కొంత చిన్నతనంలో పడిన దెబ్బలతో. చిన్నప్పటి జుల్మ్, పట్టించుకోకపోవడం, ఇవి చాలామంది కథల్లో ఉంటాయి, అందరి కథల్లో కాదు. ఒకే తల్లి, ఒకే తర్బియత్‌లో పెరిగిన చోటీ అక్కలిద్దరూ హాయిగా ఉన్నారు. చాచా, దీనికి మీ జవాబేమిటి?

"ఇలాంటి వాళ్ళు మారరు" అన్న డాక్టర్ సాబ్‌కు కూడా జవాబుంది. అమెరికాలో బోస్టన్ దగ్గర మెక్లీన్ ఆసుపత్రిలో మేరీ జనారినీ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రిలో చేరిన 290 మంది బోర్డర్‌లైన్ మరీజ్‌లను వదలకుండా ఏళ్ళ తరబడి చూసింది. పదేళ్ళలో 93 శాతం మందికి కనీసం రెండేళ్ళ పాటు రోగ లక్షణాలు తగ్గి ఉన్నాయి. ఉద్యోగం, బంధాలు కూడా నిలబడి పూర్తిగా కోలుకున్నవాళ్ళు సగం మంది. సగమే, నిజమే. కానీ "మారరు" అన్నది అబద్ధమని తేలింది కదా. తెల్లకోటు వేసుకుని చెప్పినా అబద్ధం అబద్ధమే.

ఇక రెండో మాట. మాట్లాడితే పోయేది రోగమా?

చాచా, ఈ ప్రశ్న వెయ్యేళ్ళ కిందే మనవాళ్ళు దాటేశారు. తొమ్మిదో శతాబ్దంలో బల్ఖ్‌లో, అంటే నేటి అఫ్ఘానిస్తాన్‌లో, పుట్టిన అబూ జైద్ అల్ బల్ఖీ "మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్" అని కితాబ్ రాశాడు. ఒళ్ళూ మనసూ రెండింటి ఇలాజ్ ఒకే కితాబ్‌లో. కోపం, భయం, దిగులు, వస్వాస్, నాలుగింటికీ వేరువేరు బాబ్‌లు. ఇంట్లో అవసరానికి మందు దాచుకున్నట్టు, మనసు బాగున్నప్పుడే మంచి ఆలోచనలు సిద్ధం చేసి పెట్టుకోమన్నాడు. తన వల్ల కాకపోతే బయటి మనిషి మాట సాయం తీసుకోమన్నాడు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన బీమారిస్తాన్‌లో మనసు చెదిరిన వాళ్ళకూ జాగా ఉండేది. ఇది గోరాల దగ్గర అరువు తెచ్చుకున్న ఖయాల్ కాదు. మనం పోగొట్టుకున్న సామాన్లలో ఒకటి.

అయితే బల్ఖీ చేయనిది ఒకటుంది. గోరాలు చేసింది అదే. మాటను పరీక్షకు పెట్టారు.

ఆ పరీక్ష ఎట్లా ఉంటుందో మనకు వేరే సమ్ఝాయించక్కర్లేదు. హజ్ కమిటీ ఖుర్రా తెలుసుగా. దరఖాస్తులు ఎక్కువ, సీట్లు తక్కువ. ఎవరి సిఫారసూ లేకుండా కంప్యూటర్ పేర్లు తీస్తుంది. మాట ఇలాజ్ పరీక్ష కూడా అట్లాంటి ఖుర్రానే. ఒప్పుకున్న మరీజ్‌లందరి పేర్లు వేసి, సగం మందికి కొత్త ఇలాజ్, సగం మందికి మామూలుగా ఇచ్చే ఇలాజ్. డాక్టరు తనకు నచ్చిన వాళ్ళను, త్వరగా బాగయ్యేట్టున్న వాళ్ళను ఒక వైపు ఏరి పెట్టుకోడానికి వీల్లేదు. ఏడాది తర్వాత, ఎవరికి ఏ ఇలాజ్ అందిందో తెలియని మనిషి వచ్చి రెండు జట్లనూ లెక్క కడతాడు. ఎన్నిసార్లు గాయపరుచుకున్నారు, ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరారు, ఎవరు మధ్యలో మానేశారు. అంతే.

సియాటిల్‌లో మార్షా లైన్‌హాన్ అనే సైకాలజిస్టు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అని ఒక పద్ధతి తయారుచేసింది. వారానికి ఒకసారి ఒంటరిగా మాట్లాడటం, ఒకసారి గుంపులో కూర్చుని హునర్ నేర్చుకోవడం. తుఫాను వచ్చినప్పుడు ఒంటికి హాని చేసుకోకుండా ఆ గంట ఎట్లా దాటాలి, జజ్బాత్‌కు పేరెట్లా పెట్టాలి, ఒక మనిషిని పోగొట్టుకోకుండా కాదని ఎట్లా చెప్పాలి. మధ్యలో కష్టమొస్తే ఫోన్ చేయొచ్చు. థెరపీ చేసేవాళ్ళు కూడా వారం వారం కూర్చుని తమ పని సరిచూసుకోవాలి. 1991లో మొదటి పరీక్ష ఫలితాలు అచ్చేశారు. 2006లో 101 మంది ఆడవాళ్ళ మీద ఇంకా కఠినమైన పరీక్ష పెట్టారు. రెండో జట్టుకు ఊరికే ఎవరో కాదు, పేరున్న నిపుణులు ఇలాజ్ చేశారు. అయినా ఈ పద్ధతి అందిన వాళ్ళలో ఆత్మహత్యా ప్రయత్నాలు సగానికి సగం తక్కువ. 2011లో ఆ లైన్‌హానే బయటపెట్టింది, పదిహేడేళ్ళ వయసులో తనూ ఇట్లాగే తనను గాయపరుచుకుంటూ ఆసుపత్రి గదిలో నెలల తరబడి బందీగా ఉన్నానని. మనలో ఆ వయసు పిల్లను ఏమనేవాళ్ళమో మీకు తెలుసు.

లండన్‌లో ఆంథొనీ బేట్‌మన్, పీటర్ ఫొనగీ ఇంకో పద్ధతి పరీక్షించారు. ఎదుటివాడి మనసులో ఏముందని నువ్వు తేల్చేసుకునే ముందు ఒక్క క్షణం ఆగి చూడటం నేర్పేది. 2009లో 134 మంది, పద్దెనిమిది నెలలు. అదీ పనిచేసింది. 2020లో కాక్రేన్ సంస్థ వాళ్ళు బోర్డర్‌లైన్ మీద జరిగిన ఇట్లాంటి పరీక్షలు 75, నాలుగున్నర వేల మంది మరీజ్‌లు, అన్నీ పోగేసి చూశారు. మామూలు ఇలాజ్ కంటే మాట ఇలాజ్ వల్ల రోగం తీవ్రత తగ్గుతోందని తేల్చారు. అద్భుతమనలేదు, రుజువు ఇంకా గట్టిపడాలని కూడా అన్నారు. ఇది దుకాణం భాష కాదు. ఇల్మ్ భాష.

మరి గోలీలో? 2018లో లామోట్రిజిన్ అనే గోలీని ఇంగ్లండులో 276 మంది బోర్డర్‌లైన్ మరీజ్‌ల మీద పరీక్షించారు. ఉత్తుత్తి గోలీ కంటే మెరుగేమీ కనిపించలేదు. అక్కడి ప్రభుత్వ మార్గదర్శకాలు 2009 నుంచే చెప్తున్నాయి, ఈ రోగానికని ప్రత్యేకంగా మందులు వాడొద్దని. పక్కన డిప్రెషన్ లాంటి వేరే రోగముంటే దానికి మందు వేరే సంగతి. డాక్టర్ చెప్పకుండా ఎవరూ మందు మానకండి. కానీ మన దగ్గర ఏం జరుగుతోంది? పనిచేయదని తేలింది రాసిస్తున్నారు, పనిచేస్తుందని తేలింది దొరకడం లేదు.

పరీక్ష అంటే నాకెందుకింత మొహబ్బత్ అంటే, అది మనకు నచ్చని సంగతి కూడా చెప్తుంది. 2003లో ఇంగ్లండు, స్కాట్లండులలో పదేపదే గాయపరుచుకునే 480 మందికి ఒక చిన్న పుస్తకం, ఏడు సిట్టింగ్‌ల దాకా థెరపీ ఇచ్చి చూశారు. చవక, సులువు, అందరికీ ఆశ. మామూలు ఇలాజ్‌తో పోలిస్తే మళ్ళీ గాయపరుచుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రాలేదని అచ్చేశారు. మన దగ్గర నాలుగు సిట్టింగ్‌ల ప్యాకేజీ అమ్మే కౌన్సెలర్లు ఈ సంగతి ఎప్పుడైనా చెప్పారా? మాటలన్నీ ఇలాజ్ కావు. ఏది అవునో ఏది కాదో తేల్చడానికే పరీక్ష.

2009లోనే టొరంటోలో 180 మంది మీద ఇంకో పరీక్ష జరిగింది. ఒక జట్టుకు లైన్‌హాన్ గారి ఖరీదైన పద్ధతి. ఇంకో జట్టుకు, ఈ రోగం గురించి సరిగ్గా తెలిసిన మామూలు సైకియాట్రిస్టులు క్రమం తప్పకుండా, మర్యాదగా, ఒక పద్ధతి ప్రకారం చేసిన ఇలాజ్. ఏడాది తర్వాత రెండు జట్లూ బాగా మెరుగుపడ్డాయి. ఇద్దరి మధ్యా తేడా లేదు. గూడూరు లాంటి ఊరికి ఇంతకంటే పెద్ద ఖుష్ఖబరీ ఏముంది? సియాటిల్ నుంచి ఎవరూ రానక్కర్లేదు. అయిదు నిమిషాలు, ఆరు గోలీలు, "మారరు" అనే తీర్పు, ఈ మూడూ మానేసి, రోగాన్ని తెలుసుకుని వారం వారం అదే మనిషి అదే టైముకు కూర్చుంటే చాలా దూరం వెళ్ళొచ్చు.

"అవన్నీ పెద్ద దేశాల సంగతులు" అంటారు. నిజమే, ఆ 75 పరీక్షల్లో ఎక్కువ భాగం ధనిక దేశాలవే. కానీ మాట ఇలాజ్ పేదల ఊళ్ళలో పనికిరాదన్నది అబద్ధం. పాకిస్తాన్ పేరెత్తితే నన్నేమంటారో తెలుసు, అయినా చెప్తా. రావల్పిండి పల్లెల్లో ఆతిఫ్ రహ్మాన్ అనే డాక్టరు మన ఆశా కార్యకర్తల్లాంటి లేడీ హెల్త్ వర్కర్లకు శిక్షణ ఇచ్చి, డిప్రెషన్‌తో ఉన్న గర్భిణులతో, బాలింతలతో ఇంటికెళ్ళి ఒక పద్ధతిగా మాట్లాడించాడు. 903 మంది తల్లులు. 2008లో ఫలితాలొచ్చాయి. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి మామూలు ఊళ్ళలో 53 శాతం తల్లులకు డిప్రెషన్ అట్లాగే ఉంది, ఈ ఊళ్ళలో 23 శాతానికి దిగింది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆరు నుంచి ఎనిమిది సిట్టింగ్‌ల మాట ఇలాజ్ చేయించింది. 2017లో అచ్చయింది. మూడు నెలలకు 64 శాతం మంది కోలుకున్నారు, రెండో జట్టులో 39. మన పశ్చిమ గోదావరి పల్లెల్లోనే ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి, డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలున్న వాళ్ళను గుర్తించి డాక్టరు దాకా చేర్చడం పనిచేస్తుందా అని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పరీక్షించారు.

ఇవి డిప్రెషన్ పరీక్షలు, చోటీ రోగానివి కావు. అది దాచను. నా దావా కూడా అదే. డిప్రెషన్‌కు గోవాలో, గోదావరిలో చేయగలిగిన పరీక్ష, ఈ రోగానికి తెలుగులో, దక్కనీలో ఎందుకు చేయకూడదు? చోటీ ఏడ్చేది దక్కనీలో, రాసేది తెలుగులో. ఆమెకు వారానికోసారి దొరికిన డాక్టరమ్మ మద్రాసులో ఉంటుంది. ఇద్దరికీ మధ్య హిందీ. "ఉఖ్తాగయే" అనే మాట డాక్టరమ్మకు అర్థం కావడానికి మా చోటీకి ఒక సిట్టింగ్ పట్టింది.

ఇప్పుడు ఆమిల్ సాబ్‌ల సంగతి. నేను దువాకు ఖిలాఫ్ కాదు. మా అమ్మీ ఏఎస్ పేట దర్గాలో చోటీ కోసం రాత్రి మేలుకుంది, నేనూ పక్కనే కూర్చున్నా. బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఆమె పేరున ఆరోగ్య రొట్టె పట్టుకున్నా. దువా మనిషికీ అల్లాహ్‌కూ మధ్య సంగతి, దానికి పరీక్ష పెట్టే హక్కు నాకు లేదు. కానీ డబ్బు తీసుకుని "నేను బాగుచేస్తా" అన్న ప్రతి మనిషీ, తస్బీహ్ పట్టినా స్టెతస్కోపు పట్టినా, లెక్క చెప్పాల్సిందే. లెక్క అడగకపోతే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న చూశాం. తమిళనాడులో ఏర్వాడి దర్గా చుట్టూ ప్రైవేటు మనుషులు నడిపే "మానసిక ఆశ్రమాల్లో" ఒకదానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కాలిపోయారు. వాళ్ళను అక్కడ దించి వెళ్ళింది దుష్మన్‌లు కాదు, అమ్మానాన్నలు. అదే సమయంలో దారి కూడా ఉంది. గుజరాత్‌లో ఉనావా మీరా దాతార్ దర్గాలో 2008 నుంచి దవా, దువా రెండూ పక్కపక్కన నడుపుతున్నారు. ముజావర్లే మరీజ్‌లను డాక్టరు గదికి పంపుతారు. మన దర్గాల కమిటీలకు ఇది చేయడానికి ఏం అడ్డమొచ్చింది?

ఒక ఏతిరాజ్ ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. "పరీక్ష అంటే మన పేదపిల్లల మీద ప్రయోగమేగా?" అని మా తమ్ముడే అడిగాడు. ఈ డౌటు పుట్టించింది మన రాష్ట్రమే. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ప్రభుత్వం కలిసి దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. చాలామంది హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు. అమ్మానాన్నల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణలో చెప్పినా, ఇజాజత్ తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. అందుకే షరతులు పెట్టాలి. ఇజాజత్ పెద్దవాళ్ళయిన మరీజ్‌ల నుంచే తీసుకోవాలి, వాళ్ళ జబాన్‌లో చదివి వినిపించి. మొగుడు, అబ్బా, జమాత్ సదర్, ఎవరి సంతకమూ ఆమె సంతకానికి బదులు కాదు. ఎప్పుడైనా మానుకునే హక్కు ఉండాలి. రెండో జట్టును ఖాళీ చేతులతో పంపకూడదు, మంచి మామూలు ఇలాజ్ ఇవ్వాలి. ఖమ్మం నేర్పింది పరీక్షలొద్దని కాదు, దొంగ సంతకాలొద్దని. పరీక్ష వద్దంటే ప్రయోగం ఆగదు భాయ్. చోటీ మీద ఎనిమిదేళ్ళు ప్రయోగమే జరిగింది. ఆమె ఇజాజత్ లేకుండా, ఎవరూ లెక్క రాయకుండా.

హుకూమత్‌కు కూడా చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం అందుకోవడం ప్రతి మనిషి హక్కు. 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, ఇలాజ్ ఇవ్వాలి. హక్కు కాగితం మీద ఉంది, మాట్లాడే మనిషి ఆసుపత్రిలో లేడు. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. అందులో ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు. మనల్ని లెక్కపెట్టనే లేదు, ఇక మనకు ఏది పనిచేస్తుందో ఎట్లా తెలుస్తుంది?

కాబట్టి నేను అడిగేది పెద్దదేమీ కాదు. గూడూరు ఏరియా ఆసుపత్రిలో వారానికి రెండు రోజులు, శిక్షణ పొందిన మనిషి, తెలుగు, దక్కనీ రెండూ వచ్చిన మనిషి, తలుపు వేసి కూర్చుని మాట్లాడే గది ఒకటి. తిరుపతి, నెల్లూరు మెడికల్ కాలేజీలు ఆ పనిని మొదటి రోజు నుంచే పరీక్షగా నడపాలి. టొరంటోలో నెగ్గిన ఆ మామూలు పద్ధతి మన జబాన్‌లో నెగ్గుతుందా లేదా తేల్చాలి. నెగ్గకపోతే అదీ అచ్చేయాలి. కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఇప్పటినుంచే ఒక మాట అడగండి. మీరు క్లినికల్ సైకాలజిస్టా, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా? ఈ రోగానికి మీరు చేసే పద్ధతి పేరేమిటి, ఎన్ని నెలలు? జవాబు చెప్పలేని మనిషికి ఫీజు ఇవ్వకండి.

చోటీ ఇప్పుడెట్లా ఉందని అడుగుతారు. పద్నాలుగు నెలలుగా మద్రాసు డాక్టరమ్మతో మాట్లాడుతోంది. నెలకోసారి రైల్లో వెళ్తుంది, మిగతా వారాలు ఫోన్లో. ఈ రంజాన్ తర్వాత ఒక్కసారి మాత్రం గాయపరుచుకుంది. ఇప్పటికీ ఫోన్ ఎత్తకపోతే వణికిపోతుంది, కానీ నలభై సార్లు చేయదు. ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, వజూ చేసి, అరగంట ఆగి, అప్పుడు చేస్తుంది.

అయితే చూశారా చాచా, మాట ఇలాజ్ పనిచేస్తుందని చెప్పడానికి నేను దీన్ని రుజువుగా వాడుకోను. ఒక్క చోటీ బాగుపడటం రుజువు కాదు. తనంతట తనే తగ్గేదేమో, వయసుతో తగ్గిందేమో, మా అమ్మీ దువా ఖబూల్ అయిందేమో. ఆమిల్ సాబ్ కూడా బాగుపడిన ఒక మనిషిని చూపిస్తాడు, కౌన్సెలర్ కూడా చూపిస్తాడు. ఒక మనిషిని చూపించి అమ్మే బజార్‌లోనే కదా ఎనిమిదేళ్ళు మోసపోయాం. నేనూ అదే దుకాణం తెరవలేను. అందుకే వందల మంది లెక్క చెప్పాను. అందుకే మన వాళ్ళ లెక్క కూడా కావాలంటున్నాను.

అప్పటిదాకా ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి. గాయం చూసినప్పుడు "డ్రామా" అనకండి, నఖ్రా అనకండి. గాయపరుచుకునే వాళ్ళు చచ్చిపోరు అనుకోకండి, ఈ రోగంలో ప్రాణాలు పోతాయి. చనిపోవాలనిపిస్తోందా అని సీదాగా అడగండి. అడిగితే ఆలోచన పుట్టదు, అడగకపోతే ఒంటరి అవుతారు. టెలి-మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. నికాహ్‌ను ఇలాజ్‌గా రాసివ్వకండి. ఆ తప్పులో నా హిస్సా ఉంది, చోటీ దగ్గర మాఫీ అడిగాను. ఆలోచించి చెప్తానంది.

వచ్చే జుమాకు అవే మెట్ల దగ్గర ఉంటాను చాచా. మీకు నచ్చకపోతే బహస్ చేద్దాం. నచ్చితే జమాత్ కమిటీ తరఫున ఏరియా ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు అర్జీ రాసి తెచ్చాను, మొదటి దస్తఖత్ మీది కావాలి.

దువాలో యాద్ రఖ్నా. ఖుదా హాఫిజ్.